నిలువ పదార్థాల విద్య – ప్లాస్టిక్ లేని వంటశాల

మానవుడు ఆహారాన్ని పండించడం ఎంత కష్టపడి నేర్చుకున్నాడో, పండిన దానిని చెడకుండా దాచుకోవడం కూడా అంత కష్టపడే నేర్చుకున్నాడు. పచ్చి మామిడి మనకు ఏడాదిలో రెండు మూడు నెలలు మాత్రమే లభిస్తుంది. చింతకాయ, ఉసిరి శీతకాలపు సొత్తు. పండుమిరప సంక్రాంతి వెళ్ళిన తరువాత కొద్ది వారాలు కనిపించి మాయమవుతుంది. ఆకలికి మాత్రం ఋతుభేదం లేదు. ఈ రెంటికీ మధ్యనున్న అంతరాన్ని పూడ్చడానికి మన పెద్దలు ఉప్పును, ఎండను, నూనెను, పులుపును, మట్టిపాత్రను ఆశ్రయించారు. ఆ విద్య నేడు మన ఇండ్లలో ఏ స్థితిలో ఉన్నదో, దానిని కళాశాల విద్యార్థులు తిరిగి ఎట్లా నేర్చుకోవచ్చునో ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

ప్లాస్టిక్‌ను మానండి అని చెప్పే ప్రసంగాలకు మన సభలలో కొరత లేదు. ఆ ప్రసంగాల చివర అతిథులకు నీళ్ళు అందేది కూడా ప్లాస్టిక్ సీసాలలోనే అన్నది వేరే సంగతి. మా అభిప్రాయంలో లోపం మరొకచోట ఉన్నది. ప్లాస్టిక్ సంచి మన వంటింటిలోకి జాడీకి బదులుగా రాలేదు; జాడీని వాడే తెలివికి బదులుగా వచ్చింది. కందిపప్పుకు పురుగు పట్టకుండా చూడడం తెలియనివాడు నెలకు నాలుగు పొట్లాలు కొంటాడు. పెరుగు తోడుపెట్టడం రానివారికి పెరుగు డబ్బా కావలె. పచ్చడి పెట్టడం రానివారు పొట్లపు పచ్చడి కొనక తప్పదు. కాబట్టి విద్య నేర్పకుండా ప్లాస్టిక్‌ను మానమనడం ఈత నేర్పకుండా ఏరు దాటమనడం వంటిది.

మొదట చరిత్రను కొంచెం చూద్దాము. శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దంలో రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన అతిథులకు ఏ ఋతువులో ఏ భోజనం పెట్టేవాడో వర్ణన ఉన్నది. వానకాలపు విందులో వడియాలు, వరుగులు కనిపిస్తాయి. వానలు కురిసే రోజులలో పచ్చి కూరలు దొరకడం కష్టం. వేసవిలో ఎండబెట్టి దాచినవి అప్పుడు అక్కరకు వస్తాయి. అంటే ఐదు వందల సంవత్సరాల క్రిందటనే తెలుగు గృహస్థు వానకాలం కోసం వేసవిలోనే సిద్ధపడేవాడన్నమాట.

ఇక ఉర్దూ మాట్లాడే ఇండ్లలో పచ్చడి జాడీని ‘మర్తబాన్’ అంటారు. ఈ మాటకు మూలం బర్మా తీరంలోని మర్తబాన్ రేవు. ఆ రేవు నుండి ఎగుమతి అయిన మెరుగుపూత పెద్ద జాడీలు హిందూ మహాసముద్రం నలుమూలలకు చేరి, ఊరి పేరే పాత్ర పేరుగా నిలిచిపోయింది. 1333 ప్రాంతంలో భారతదేశానికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఈ దేశస్థులు పచ్చి మామిడిని ఉప్పులో ఊరవేసి తింటారని, తమ దేశంలో నిమ్మకాయలను ఊరవేసే పద్ధతితో పోల్చి వ్రాశాడు. అతడే తూర్పు సముద్రాలలో ప్రయాణిస్తూ, ఉప్పులో ఊరవేసిన అల్లం, మిరియం, నిమ్మ, మామిడి నింపిన మర్తబానులు తనకు కానుకగా లభించిన సంగతి కూడా చెప్పాడు. అది ఓడ ప్రయాణానికి దాచిన ఆహారం. అందులో మిరపకాయ లేదని పాఠకులు గమనింతురు గాక. మిరప అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ద్వారా వచ్చిన పంట. మన ఆవకాయకు ఎర్రదనం ఆ తరువాతి కాలంలో అబ్బినదే.

అచార్ అన్నా, ఊరగాయ అన్నా, తెలంగాణంలో తొక్కు అన్నా పని ఒక్కటే. మన కళాశాలలో రెండు భాషలవారు ఒకే బల్ల మీద చదువుతున్నారు గనుక ఈ పాఠానికి ఇరుపక్షాల అనుభవాన్నీ వినియోగించుకొనే అదృష్టం మనకు ఉన్నది. కోస్తా ఇండ్లవారు మాగాయను, ఉర్దూ ఇండ్లవారు మురబ్బాను, గుల్కందును నేర్పగలరు. బక్రీదు తరువాత మాంసానికి ఉప్పు, పసుపు పట్టించి, సన్నని పొడుగు ముక్కలుగా దండెం మీద ఎండబెట్టే అలవాటు దక్కనులోని ముస్లిం గృహాలలో ఉన్నది. ఎండు చేపల విషయం తీరప్రాంతంవారికి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు శాస్త్ర విషయానికి వద్దాము. ఆహారం చెడిపోవడమంటే సూక్ష్మజీవులు అందులో పెరగడమే. వాటికి నీరు కావలె. చాలావాటికి గాలి కూడా కావలె. పులుపు ఎక్కువైతే అవి తట్టుకొనలేవు. ఉప్పు చల్లినప్పుడు మామిడి ముక్క నుండి నీరు ఊరి బయటికి వస్తుంది. అదే ఉప్పు సూక్ష్మజీవి దేహం నుండి కూడా నీటిని లాగివేస్తుంది. ‘ఊరగాయ’ అనే మాటలోనే ఈ క్రియ ఇమిడి ఉన్నది. చక్కెర పాకం మురబ్బాలో చేసే పని, ఎండ వడియంలో చేసే పని కూడా ఇదే. పద్ధతులు వేరైనా, సూక్ష్మజీవికి నీరు దక్కకుండా చేయడమే వీటి అన్నిటి రహస్యం.

ఆవకాయను ఉదాహరణగా తీసుకొందాము. టెంక పట్టిన, పీచున్న, బాగా పుల్లని కాయ కావలె. చిన్నరసం, జలాల్, కొత్తపల్లి కొబ్బరి వంటి రకాలను ఏరుకొంటారు. కాయలను కడిగి, బట్టతో తుడిచి, తడి ఆరిన పిమ్మట టెంకతో సహా ముక్కలు కొట్టి, లోపలి జీడిని, పొరను తీసివేయవలె. కొలత గిన్నెతో ముక్కలు నాలుగు నుండి ఆరు అయితే ఆవపిండి ఒకటి, కారం ఒకటి, ఉప్పు ఒకటి లేక కొంచెం తక్కువ. ఈ లెక్క ఇంటింటికీ మారుతుంది. నూనె ముక్కల మీద తేలేటంత. కోస్తాలో నువ్వులనూనెనే వాడుతారు. తెలంగాణంలో అల్లం వెల్లుల్లి ముద్ద కలిపి, నూనె కాచి చల్లార్చి పోసే ఇండ్లు ఎక్కువ. మూడవనాడు జాడీ తీసి, అడుగు నుండి తిరగ కలిపి, ఉప్పు చూచి, నూనె తగ్గితే పోయవలె.

ఇందులో ప్రతి చర్యకూ ఒక కారణం ఉన్నది. ఆవాలను వేయించరు, ఎండలో పెట్టి దంచుతారు. ఎందుకనగా, ఆవపిండికి తడి తగిలినప్పుడు దానిలోని ఒక ఎంజైము పనిచేసి ఘాటైన పదార్థం పుడుతుంది. సూక్ష్మజీవులను అణచేది ఆ ఘాటే. వేయిస్తే ఎంజైము నశిస్తుంది, ఘాటు పుట్టదు. రాళ్ళ ఉప్పును ఎండబెట్టి దంచేది అందులోని చెమ్మను తొలగించడానికి. నౌపడలోనో, చినగంజాంలోనో పండిన ఉప్పు గాలిలోని తేమను త్వరగా పీల్చుకొంటుంది. నూనె పై పొరగా నిలిచి గాలిని అడ్డగిస్తుంది. గాలి లేనిచోట బూజు పెరగదు. జాడీ మూతికి కట్టే బట్టను వాసెన అంటారు. మూత ఎంత గట్టిదైనా వాసెన కట్టకుండా మన పెద్దలు జాడీని అటక ఎక్కించేవారు కారు. బట్ట దుమ్మును, పురుగును ఆపుతుంది, మూత క్రింద చెమ్మ చేరనీయదు. పచ్చడిని తడి చేతితోను, తడి గరిటెతోను ముట్టరాదనే కట్టుబాటుకు కొందరు మైల కారణం చెప్పినా, అసలు కారణం ఆ నీటిబొట్టే. తడి తగిలినచోట ఉప్పు పలుచబడి బూజు మొలుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అత్యవసరం. నూనె గాలిని ఆపుతుంది గనుక నూనెలో ముంచిన ప్రతి వస్తువూ సురక్షితమని భావించడం ప్రమాదకరం. గాలి లేనిచోటనే పెరిగి, ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి ఒకటి ఉన్నది. దాని పేరు క్లాస్ట్రిడియం బొట్యులినం. 1985లో కెనడాలోని వాంకూవర్ నగరంలో, నూనెలో నిలువచేసిన వెల్లుల్లి తిని పలువురు ఈ విషానికి గురి అయినారు. పి.హెచ్. విలువ 4.6 కన్న తక్కువగా ఉన్నచోట ఈ జీవి పెరగజాలదు. మామిడి, నిమ్మ, చింతకాయ ఆ గీతకు ఎంతో దిగువన ఉంటాయి. పైగా ఉప్పు అండ ఉన్నది. అందుచేతనే మన ఊరగాయ తరతరాలుగా భద్రం. టమాటా మాత్రం సరిగ్గా ఆ గీత దగ్గర నిలిచే పండు. మన ఇల్లాండ్రు టమాటా నిలువ పచ్చడిలో చింతపండు తప్పక కలుపుతారు. రుచి కోసమని చెబుతారు గాని దానివలన కలిగే రక్షణ రుచి కన్న విలువైనది. ఆరోగ్యం కోసమని ఉప్పు సగం, పులుపు సగం తగ్గించి, నూనెలో పుట్టగొడుగులు, వెల్లుల్లి ముంచి నెలల తరబడి బయట ఉంచే క్రొత్త వంటకాలను మేము ఎంతమాత్రం సమర్థించము. ఉప్పు తగ్గించదలచినవారు పచ్చడిలో కాక పళ్ళెంలో తగ్గించడం మంచిది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే ప్రకారం ఒకనికి దినానికి ఉప్పు 5 గ్రాములు మించరాదు. ఊరగాయ నంజుకొనడానికే గాని కలుపుకొని మూడు వాయిలు తినడానికి కాదు. గుంటూరువారు మమ్ములను మన్నింతురు గాక.

నిలువ సామగ్రిని వేడిచేసి గాజు సీసాలో బంధించే పద్ధతిని కనుగొన్నవాడు ఫ్రాన్సు దేశపు మిఠాయి వ్యాపారి నికొలా ఆపేర్. సైన్యానికి ఆహారం నిలువచేసే మార్గం చూపినవారికి ఆ దేశ ప్రభుత్వం ప్రకటించిన 12,000 ఫ్రాంకుల బహుమానం 1810లో అతనికి లభించింది. సూక్ష్మజీవులే చెడుటకు కారణమని లూయీ పాశ్చర్ నిరూపించినది 1860 ప్రాంతంలో. అంటే కారణం తెలియడానికి సగం శతాబ్దం ముందే పద్ధతి తెలిసింది. ఆపేర్ వాడినవి గాజు సీసాలు, బెరడు బిరడాలు. పాలిథిన్ పుట్టినది 1933లో. ఆ పదార్థం లేకుండా ఆహారం నిలువ ఉండదనే వాదనకు ఈ రెండు తేదీలే సమాధానం.

మరి ప్లాస్టిక్ వలన ఊరగాయకు నష్టమేమి? ప్లాస్టిక్‌ను మెత్తగా, పారదర్శకంగా చేయడానికి అందులో అనేక రసాయనాలు కలుపుతారు. వాటిలో కొన్ని నూనెలోనికి సులభంగా దిగుతాయి. వేడి ఆ పనిని వేగిరపరుస్తుంది. ఊరగాయ ఏడాది పొడుగునా నూనెలో మునిగి ఉండే వస్తువు. నూనె, పులుపు, ఉప్పు, వేసవి వేడి నాలుగూ కలిసిన పదార్థాన్ని దీర్ఘకాలం ప్లాస్టిక్‌లో ఉంచడం కన్న వివేకహీనమైన పని వంటింటిలో మరొకటి లేదని మేము తలుస్తాము. మానవ రక్తంలో అతి సూక్ష్మమైన ప్లాస్టిక్ కణాలను గుర్తించినట్లు 2022లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అదే సంవత్సరం జూలై 1 నుండి మన దేశంలో ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాల వంటి ఒకసారి వాడి పారవేసే వస్తువులు నిషేధింపబడినవి. అయినను మన పెండ్లి విందులలో దస్తర్‌ఖాన్ అనే పేరుతో పరచే పలుచని ప్లాస్టిక్ చుట్టలను చూడండి. దస్తర్‌ఖాన్ అంటే ఉతికి మడచి దాచుకొనే వస్త్రం. నేడు దానిని ఎంగిలితో సహా చుట్టి చెత్తకుండీలో వేస్తున్నారు. తెలుగువారి పంక్తిలో మోదుగాకు విస్తరి, మన్యపు అడ్డాకు విస్తరి పోయి మెరుగు కాగితపు పళ్ళెం రావడం కూడా ఇటువంటిదే.

అయితే పాత పాత్రలన్నీ నిర్దోషమైనవని పొరబడరాదు. పులుపును కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో ఉంచితే చిలుము పట్టి విషమవుతుంది. అల్యూమినియాన్ని ఉప్పు, పులుపు తినివేస్తాయి. మంచి స్టీలును కూడా ఉప్పుద్రావణం కాలక్రమంలో గుంటలు చేస్తుంది. అందుకే పులుసుకు రాచిప్పను, ఊరగాయకు చీనామట్టి జాడీని పెద్దలు ఎన్నుకొన్నారు. జాడీలలోనూ సీసం కలిసిన మెరుగు పూసిన నాసిరకం పాత్రలు లేకపోలేదు. లోపలి పూత పగిలిన, గీతలు పడిన జాడీలో పులుపు నిలువచేయరాదు. కళాయి వేసేవాడు పాత్రను కాల్చి, నవాసాగరం చల్లి, తగరాన్ని కరిగించి దూదితో తుడిచేవాడు. ఆ తగరంలో సీసం కలిసినదా లేదా అని చూచుకొనవలె. ఉర్దూ ‘ఖలయీ’, తెలుగు ‘కళాయి’ ఒకటే మాట. కళాయి వేసే సాహెబు వీధిలోకి రావడం తగ్గిన తరువాతనే మన రాగి బిందెలు అటకలెక్కినవి.

పప్పులు, ధాన్యాల విషయం క్లుప్తంగా చెబుతాము. కందులకు ఎర్రమట్టి కట్టి ఎండబెట్టడం, పప్పుకు ఆముదం రాయడం, వేపాకు ఎండించి గింజల మధ్య పరచడం మన పల్లెలలో నేటికీ ఉన్నవే. రేకు డబ్బా, గాజు సీసా, మట్టి కాగు దీనికి చాలును. గింజను పండ్లతో కొరికితే టక్కుమని విరగవలె. మెత్తగా నలిగితే ఇంకా ఎండవలసి ఉన్నదని అర్థం. వేరుశనగ, ఎండుమిరప చెమ్మబారితే వాటి మీద పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. ఈ విషం కాచినా, వేయించినా పూర్తిగా పోదు. బూజు దులిపి వాడుకొందామనే పొదుపు ఇక్కడ పనికిరాదు.

ఈ విద్యను పొగిడేటప్పుడు ఒక విషయం దాచిపెట్టడం న్యాయం కాదు. పూర్వపు అటక మీది జాడీల వరుస వెనుక స్త్రీల నడుములు విరిగిన చాకిరీ ఉన్నది. కారం దంచినది వారు, ఎండలో వడియాలకు కాకులను తోలినది వారు. ఇంటి పేరు మాత్రం పురుషునిది. కనుక ఈ పాఠాన్ని విద్యార్థినులకు మాత్రమే పెట్టి, విద్యార్థులను క్రికెట్టుకు పంపేటట్లయితే అసలు పెట్టకుండా ఉండడమే మేలు. ఇంటికి దూరంగా గదులు తీసుకొని చదివే యువకులే రెండు రూపాయల పొట్లాల మీద, ప్లాస్టిక్ సంచిలో కట్టించిన వేడి సాంబారు మీద ఎక్కువగా బ్రతుకుతున్నారు. ఈ విద్య అవసరం ముందుగా వారికే. మరొక సంగతి: బీద కుటుంబంలోని యువతికి ఇది ఇంటిపట్టున నాలుగు రూపాయలు తెచ్చే వృత్తి కూడా కాగలదు. అమ్మదలచినవారు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వద్ద తప్పక నమోదు చేయించుకొనవలె.

కళాశాల కమిటీవారికి మా మనవి ఇది. మామిడి కాయ వచ్చేది వేసవి సెలవులలో గనుక ఆవకాయతో పాఠం మొదలుపెట్టడం సాధ్యపడదు. విద్యాసంవత్సరానికి కుదిరేవి వేరే ఉన్నవి. నవంబరులో ఉసిరి, డిసెంబరులో చింతకాయ తొక్కు, జనవరిలో టమాటా, ఫిబ్రవరిలో పండుమిరప కారం. నిమ్మకాయ ఏడాది పొడుగునా దొరుకుతుంది. పులుపు ఎక్కువ గనుక క్రొత్తవారి చేతికి అదే నిరపాయం. కాబట్టి మొదటి పాఠం నిమ్మకాయతో పెట్టవచ్చును. నాలుగు ముక్కలుగా చీల్చి, ఉప్పు, పసుపు కలిపి, మూడు దినాలు జాడీలో ఊరనిచ్చి, ముక్కలను ఎండకు పెట్టి, సాయంకాలం తిరిగి ఊటలో వేయడం ఎవరైనా నేర్చుకొనగల పని. మార్చినాటికి ఎండ ముదురుతుంది, పరీక్షలకు ముందు ఒక ఆదివారం బియ్యపు వడియాలు పెట్టవచ్చును. రసాయనశాస్త్ర విభాగంవారు పి.హెచ్. కాగితం ఇస్తే ప్రతి జాడీ పులుపును విద్యార్థులే కొలిచి పుస్తకంలో వ్రాసుకొంటారు. జీవశాస్త్రంవారి సూక్ష్మదర్శిని క్రింద బూజును చూపితే వాసెన ఎందుకో మరల చెప్పనక్కరలేదు.

ఖర్చు విషయమై కమిటీవారు సంశయింపవచ్చును. కావలసినవి ఆరు చీనామట్టి జాడీలు, ఒక రోలు, కొలత గిన్నెలు, నాలుగు గజాల తెల్లని నూలుగుడ్డ, ఎండ తగిలే మేడ. చివరిది మన కళాశాలకు ఇదివరకే ఉన్నది. ప్రతి జాడీకి పెట్టిన తేదీ, వేసిన ఉప్పు కొలత, పెట్టినవారి పేర్లు తెలుగులోను, ఉర్దూలోను వ్రాసిన చీటీ అంటించవలె. ఆరు నెలల తరువాత ఏ జాడీ నిలిచినదో, ఏది బూజు పట్టినదో ఆ చీటీలను చూచి క్రొత్త తరగతివారికి చెప్పే బాధ్యతను పాత తరగతివారికి అప్పగించవలె. బూజు పట్టిన జాడీని కూడా అందరికీ చూపిన తరువాతనే పారబోయవలెనని మా కోరిక.